జయమణి మానని మనవి

చందర్లపాడు వైపు మిరప కల్లాలు మొదలయ్యాయంటే జయమణికి తీరిక ఉండేది కాదు. ఆమె చేయి చురుకే గానీ నోరు ఒక్క క్షణం ఊరుకోదని తోటి కూలీలు ఆటపట్టించేవారు. నిజమే, ఊరుకోదు. అయితే ఆ నోరు మాట్లాడేది మనుషులతో కాదు. ఎండుమిరప రాశి ముందు కూర్చుని, మంచికాయ ఒక పక్కకీ తాలుకాయ ఒక పక్కకీ వేస్తూ, ఘాటుకు మండే కళ్లను కొంగుతో ఒత్తుకుంటూ దేవుడికి తనవాళ్ల పేర్లు చెప్పుకునేది. మొదటి పేరు ఎప్పుడూ తమ్ముడు ఏలీయాదే.

తల్లి పోయాక ఏలీయాను చంకనెత్తుకుని పెంచింది ఆమె. పెద్దవాడై జగ్గయ్యపేట దగ్గర నాపరాళ్లు కొట్టే పనిలో కుదిరి, కాపురం ఊళ్లోనే పెట్టాడు. మంచివాడు, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. పెళ్లయిన చాలా ఏళ్లకు వాడికి ఓ ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు నడక రాకముందే జ్వరం తగిలింది. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. పిల్ల దక్కలేదు. సమాధుల దొడ్లో, అప్పుడున్న పాస్టరు అయ్యగారు ఓదార్చబోయి, తల్లిదండ్రుల విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండాల్సిందన్నాడు. ఆ మాట అనకపోతే ఆయన సొమ్మేం పోయేదో ఆ దేవుడికే తెలియాలి.

ఏలీయా గుప్పిట్లో మట్టిని సమాధి మీద వెయ్యకుండా పక్కకు విసిరేశాడు.

"ఇంక నేను మందిరం గడప తొక్కను. అక్కా, నీక్కూడా చెప్తున్నా. నా పేరు ప్రార్థనలో ఎత్తమాక."

జయమణి తలూపింది. ఏడుస్తున్నవాడితో వాదమేమిటని ఊపింది. ఇంటికొచ్చి మోకాళ్లూని మొట్టమొదట ఎత్తిన పేరు వాడిదే. తప్పో ఒప్పో, ఆమెకు మరో దారి తెలియదు.

శుక్రవారం స్త్రీల కూటంలో ఒక్కొక్కరే లేచి తమ మనవి చెప్పుకోవడం రివాజు. జయమణి వాడి పేరు బయటికి అనలేదు, మాట ఇచ్చింది గదా. "ఒక మనిషి కోసం ప్రార్థన చెయ్యండమ్మా" అని కూర్చునేది. ఆ మనిషి ఎవరో తెలియనివాళ్లు ఊళ్లో లేరు. వారం వారం అదే మాట వినీ వినీ ఆడవాళ్లు తమలో తాము ఏలీయాను 'ఒక మనిషి' అనే పిలుచుకునేవారు. "ఒక మనిషి ఇయ్యాల గొడ్డలి భుజానేసుకుని పోతున్నాడు" అని రత్తమ్మ కబురు చెప్పేది. రత్తమ్మది పక్కిల్లు. నోటి దురుసే తప్ప మనసు వెన్న.

అలా ఉండగా జగ్గయ్యపేట నుంచి కృపారావు గారనే సువార్తికుడు కూటాలు పెట్టడానికి వచ్చాడు. జయమణి లేచి ఒక మనిషి కోసం అని ఏడుస్తూ కూలబడింది. పాపం, ఆయనకు ఏం తెలుసు? ఇంత ఏడుస్తోందంటే మంచాన పడ్డ మనిషే అయి ఉంటాడనుకున్నాడు. ఆ మనిషి ఇల్లెక్కడని ఎవరినో అడిగి, రోగికి రాసి ప్రార్థించడానికి కొబ్బరినూనె సీసా పట్టుకుని మర్నాడు పొద్దున్నే ఏలీయా ఇంటికి వెళ్లాడు. ఏలీయా అప్పుడు వాకిట్లో కట్టెలు చీలుస్తున్నాడు. "రోగి లోపలున్నాడా బాబూ?" అంటూనే ఆయన సీసా మూత తీశాడు. సంగతి అర్థమయ్యేసరికి గొడ్డలి ఒక మూలా, సీసా ఒక మూలా పడ్డాయి. కృపారావు గారు చెప్పులు వదిలేసి బయటపడ్డాడు.

ఊరు కడుపుబ్బ నవ్వింది. జయమణి మాత్రం నవ్వలేకపోయింది. ఏలీయా వచ్చి గడప అవతలే నిలబడి, "నన్ను ఊరందరికీ రోగిని చేసావ్ గదక్కా" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడు అక్కతో మాట్లాడటం మానేశాడు. ప్రార్థించి ఆమె సాధించింది అది. మందిరానికి రాని తమ్ముడు ఇంటికి కూడా రాకుండా పోయాడు.

కూటంలో మనవి చెప్పడం ఆపేసింది. కల్లంలో, పొయ్యి దగ్గర, నీళ్ల బిందె ఎత్తుకునేటప్పుడు మాత్రం ఆపలేకపోయింది. ఒక్క పేరే చెబితే దేవుడికి విసుగేమోనని ఇరుగుపొరుగు పేర్లూ కలుపుకుంది. చిత్రం చూడండి, వాళ్లందరి పనులూ అయ్యాయి. రత్తమ్మ గేదె సుఖంగా ఈనింది. ఆమె కూతురి కాపురం చక్కబడింది. వాళ్లు తమ మనవి దేవుడు విన్నాడని సాక్ష్యం చెప్పి కానుక వేస్తుంటే, జయమణి అందరికంటే గట్టిగా స్తోత్రం అనేది. అసూయ పడలేదని చెప్పను. ఓ ఎండాకాలం కల్లంలో చేతిలో కాయ అట్లాగే పట్టుకుని, "నీకు వినపడట్లేదా, విని ఊరుకున్నావా?" అని దేవుణ్ణి నిలదీసింది. ఆ కాయను రాశిలో పడేసి, మళ్లీ వాడి పేరుతోనే మొదలుపెట్టింది.

నాగార్జునసాగరం దగ్గర ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజుల్లో, రాతిపనివాళ్లను మేస్త్రీలు జట్లు జట్లుగా తీసుకెళ్లేవారు. ఏలీయా కూడా పేరిచ్చాడు. కబురు రత్తమ్మ మోసుకొచ్చింది. వాడు చెప్పకుండా వెళ్లిపోతున్నాడని జయమణికి ప్రాణం ఉసూరుమంది. చూడనైనా చూద్దామని, దోసకాయ పచ్చడి సీసాలో పెట్టుకుని నందిగామ సెంటరుకు పరుగెత్తింది.

కోదాడ వైపు వెళ్లే బస్సు అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. ఏలీయా కిటికీ పక్కన కూర్చున్నాడు. అక్కను చూసి తల తిప్పుకోలేదు. ఆమె సీసా అందించింది, వాడు తీసుకున్నాడు. కండక్టరు రైట్ అన్నాక వాడు తల బయటికి పెట్టాడు.

"అక్కా, నా పేరు ఇంకా ఎత్తుతున్నావా?"

లేదని చెబితే వాడు కోపం లేకుండా వెళ్తాడు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నాళ్లూ ఎవరితో మాట్లాడుతోందో ఆయన వింటున్నాడు.

"ఎత్తుతున్నాన్రా. మానలేకపోయా."

బస్సు కదిలింది. వాడు కిటికీ ఊచ పట్టుకుని గట్టిగా అరిచాడు.

"మానమాక అక్కా! ఆడ పని చానా ఎత్తు మీదంట. మానమాక!"

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ జయమణి లేచింది. చాలా కాలానికి లేచింది గనక మందిరమంతా అటు తిరిగింది. దేవుడు తన మనవి విన్నాడని, ఆయనకు వందనాలని చెప్పి, కానుకగా తెచ్చిన కోడిపెట్టను బల్ల దగ్గర పెట్టి వచ్చి కూర్చుంది. పక్కనున్న రత్తమ్మ ఆగలేకపోయింది.

"ఏందే, ఏలీయా మందిరానికొచ్చాడా?"

"రాలేదు."

"వస్తానన్నాడా?"

"అనలేదు."

"మరి పెట్టనెందుకిచ్చావే, పిచ్చిదానా?"

జయమణి కళ్లు తుడుచుకుంది.

"నేనొక్కదాన్నే అడుగుతున్నా అనుకున్నా ఇన్నాళ్లూ. వాడు కూడా అడగమంటున్నాడే రత్తమ్మా."