ముగ్గుపిండితో గీసిన ఊరు

నా చిన్నప్పుడు మాచర్లలో మా మేడగదిలో ఒక దొర అద్దెకుండేవాడు. సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చాడు. ఇప్పుడు స్లొవేకియా అంటున్న దేశంలో ఏదో పల్లెటూరు ఆయనది. పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలతోనే మాతో నెట్టుకొచ్చేవాడు.

ఆయన ఊరి గురించి సోమవారం క్లాసులో చెప్పమని మా సోషల్ మాస్టారు నాకు పురమాయించారు. మంచుకొండలు, కోటలు, రాజులు, అన్నీ చెప్తానని నేను ముందే బడాయి పోయాను. తీరా అడిగితే ఆ మహానుభావుడు చెప్పిందేమిటి? ఓ వాగుందట. ఓ గుట్ట ఉందట, అందులో సున్నపురాయి తవ్వుతారట. ఊరు మొత్తానికి రెండే వీధులట, పైవీధికీ కిందివీధికీ నీళ్ళ దగ్గర పడేది కాదట. నాకు ఒళ్ళు మండిపోయింది. సున్నపురాయి కోసం అంతదూరం ఎందుకు, మా పెరట్లో తవ్వినా అదే!

"కోట లేదా?"

"లేదు."

"రాజు?"

"మా ఊరు రాలేదు."

"పోనీ యుద్ధమన్నా జరగలేదా?" అన్నాను కసిగా.

ఆయన అరుగు మీదున్న ముగ్గుపిండి చిప్ప తీసుకుని, వాకిట్లో నాపరాళ్ళ మీద కూర్చుని ఊరు గీయడం మొదలుపెట్టాడు. వాగు, గుట్ట, చర్చి, ఒక్కొక్క ఇల్లూ తీరిగ్గా గీస్తుంటే నాకు ఓపిక చచ్చిపోయింది. పైవీధి నిండా ఇళ్ళు పెట్టి, కిందివీధిలో ఒక్కటీ పెట్టకుండా చేతులు దులుపుకున్నాడు. ఇదీ సగమేనా అని తల పట్టుకున్నాను.

అంతలో మా నాయనమ్మ నీళ్ళబిందెతో వస్తూ ఆ ఖాళీలో అడుగేయబోయింది. ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, తొక్కొద్దు. ఇళ్ళు."

"ఇళ్ళేడున్నయ్ నాయనా? అంతా ఖాళీయేగా, ఏంది నువ్వు చెప్పేది?"

"సోల్జర్లు వచ్చారు. తగలబెట్టారు. నేను చిన్నోణ్ణి." ఓ మూల వేలు ఆనించి, "మా అమ్మ ఇక్కడ" అన్నాడు.

నాయనమ్మ బిందె దించింది. "పక్కిల్లు ఎవరిది నాయనా?" అంది. ఆయన ఏదో పేరు చెప్పాడు. ఆ పక్కన ఎవరంది. వీధి చివరిదాకా ఆమె అడుగుతూనే ఉంది, నోరు తిరగని పేర్లన్నీ ఆయన చెబుతూనే ఉన్నాడు. లోపల్నుంచి అమ్మ నీళ్ళకోసం కేకలేస్తున్నా ఆమె కదల్లేదు. మర్నాడు వాకిలి కడుగుతూ కూడా ఆ ఖాళీ మేర కడక్కుండా వదిలేసింది. బడికి ఆలస్యమవుతోందని సణుక్కుంటూ నేను చుట్టూ తిరిగి వెళ్ళాను.

సోమవారం వాగూ గుట్టా చెబితే క్లాసంతా కిసుక్కుమంది. కిందివీధి దగ్గరికొచ్చేసరికి నాకు గుర్తున్న రెండు పేర్లు చెప్పి కూర్చున్నాను.

ఇప్పుడు ఏ ఊరెళ్ళినా ఖాళీ జాగా కనిపిస్తే చాలు, ఇక్కడ ఎవరుండేవాళ్ళని అడుగుతాను. మా పిల్లలకు నాతో ఇదొక విసుగు. ఆటో ఆగి ఉంటుంది, ఫోనులో దారి చూపిస్తూ తొందరపెడతారు. విసుక్కోనీ. ఎవరో ఒకరు ఓ పేరు చెప్పేదాకా నేను కదలను.