కందిరీగ కాని పురుగు

నా చిన్నప్పుడు మా ఇంటి పెరటి తలుపుకి ఎప్పుడూ గడియ వేసే ఉండేది. మా ఊరు అవనిగడ్డకి దగ్గర. ఆ పెరటి చివర, మునగచెట్టు పక్కన, నాన్నగారు వెదురు వాసాలతో తాటాకు పాక ఒకటి వేయించారు. అందులో మా మావయ్య ఉండేవాడు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. బందరులో పిల్లలకి సైన్సు చెప్పేవాడు. క్షయ అని తేలాక ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పెళ్ళి కాలేదు, తల్లీ తండ్రీ అప్పటికే లేరు. ఎక్కడో కొండల మీద ఈ జబ్బుకి ఆస్పత్రి ఉందంటే నాన్నగారు అంతదూరం వెళ్ళి అడిగి వచ్చారు గానీ, ముదిరిపోయిన జబ్బని వాళ్ళు చేర్చుకోలేదు. పులిగడ్డ రేవులో మావయ్య పడవ దిగిన రోజు నాకింకా గుర్తుంది. పడవలో జనమంతా ఒక కొసన కిక్కిరిసి కూర్చుంటే, రెండో కొసన మావయ్య ఒక్కడే ఉన్నాడు.

అంతకుముందు సెలవులకి వచ్చినప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని కాలవ గట్టంతా తిప్పిన మనిషి. ఇప్పుడు అమ్మ అన్నం ఆకులో పెట్టి, పాక ముందున్న చపటా రాయి మీద ఉంచి వెనక్కి వచ్చేస్తే, ఆ తర్వాత తను బయటికి వచ్చి తీసుకునేవాడు. ఆ రాయి దాటి నేను వెళ్ళకూడదు. అమ్మ మేకపాలు కాచేది, వైద్యుడిచ్చిన లేహ్యాలు తేనెలో రంగరించేది, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకునేది. నేను అడిగినప్పుడల్లా, "ఎండలు ముదిరేసరికి తగ్గిపోతుందమ్మా, మావయ్య లేచి తిరుగుతాడు" అనేది. నేను నమ్మాను. ఎండలెప్పుడు ముదురుతాయా అని ఎదురుచూశాను. ఊళ్ళో ఎండల కోసం ఎదురుచూసింది నేనొక్కదాన్నేనేమో.

మాఘమాసం వెళ్ళిపోతున్న రోజులవి. మునగచెట్టు ఆకు కనపడకుండా పూసింది. ఒక పూట అమ్మ చేతిలో గిన్నెలు ఎక్కువై, మజ్జిగ చెంబు నాకిచ్చి వెంట రమ్మంది. చెంబు రాయి మీద పెట్టి తల ఎత్తేసరికి పూల గుత్తుల నిండా పసుపుపచ్చగా, నల్లచారలతో కందిరీగలు పాకుతున్నాయి. కెవ్వుమని అరిచాను. అమ్మ అప్పటికే నీళ్ళబిందె కోసం లోపలికి వెళ్ళింది.

పాక గుమ్మంలో కూర్చున్న మావయ్య నవ్వాడు. మెల్లగా లేచి, అటుపక్క కొమ్మ వంచి, ఒకదాన్ని రెండువేళ్ళతో పట్టుకున్నాడు. తను అరచెయ్యి తెరిస్తే అది గబగబా మణికట్టు దాకా పరిగెత్తింది.

"కందిరీగ కాదే ఇది, మీసాల పురుగు. కందిరీగకి నడుం తెగిపోయినట్టు సన్నగా ఉంటుంది, చూశావా ఎప్పుడైనా? దీనికి అలా ఉండదు. వీపు మీద గట్టి పెంకు ఉంది. కుట్టడానికి ముల్లు లేదు పాపం. వేషమొక్కటే ఉంది. పిట్టలు కందిరీగ అనుకుని వదిలేస్తాయని."

ఆ మాటతో నా భయమంతా పోయింది. చెయ్యి చాపి, రాయి దాటి రెండడుగులు వేశాను.

"ఆగు అక్కడే!"

మావయ్య నా మీద గొంతెత్తడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ అరుపుకే దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని వంగిపోయాడు. పురుగు ఎగిరిపోయింది. దగ్గు ఆగాక కండువాతో నోరు తుడుచుకుని, ఆ కండువా మడిచి వెనక్కి పెట్టుకుని, మామూలు గొంతుతో చెప్పాడు.

"దాన్ని చూసి భయపడక్కర్లేదు. నన్ను చూసి భయపడాలి. నా చేతిలోంచి ఏదీ తీసుకోకూడదు నువ్వు. పువ్వు మీదున్నదాన్ని నువ్వే పట్టుకో."

రాయికి ఇవతల వాలిన కొమ్మ మీద ఒకదాన్ని నేనే పట్టుకున్నాను. అది నా వేళ్ళ మధ్య సన్నగా కీచుమంది. చెవి దగ్గర పెట్టుకుంటే తలుపు కీలు కదిలినట్టుంది. మెడ దగ్గరి పెంకులు ఒకదానితో ఒకటి రాసుకుంటే ఆ చప్పుడు వస్తుందని చెప్పాడు మావయ్య. పుప్పొడి తినడానికి వస్తాయట పూల మీదికి. పూల మీద తిరిగేది కొద్ది వారాలే. ఆ వారాల్లోనే జత కట్టి, ఎండిన వెదురు పగుళ్ళలో గుడ్లు పెట్టి, చచ్చిపోతాయి.

మరి అంతకుముందు ఎక్కడుంటాయని అడిగాను. మావయ్య చూరు కింద ముందుకు పొడుచుకొచ్చిన వాసం కొసని కత్తితో చీల్చి చూపించాడు. పైన వెదురు నున్నగా, పచ్చగా, నిక్షేపంగా ఉంది. లోపలంతా పిండి. ఆ పిండిలో బియ్యపు నూకలా తెల్లటి పురుగు, కాళ్ళు ఉన్నట్టే కనపడకుండా, మెత్తగా కదిలింది. ఏడాది పాటు అలా చీకట్లో తొలుచుకు తింటుందట. తొలిచిన పొడి వెనకాలే కూరుకుంటూ పోతుంది, పై పెచ్చు మాత్రం ముట్టుకోదు, అందుకే పాక వేసిన వాళ్ళకి కూడా తెలియదట. చివరికి ఒక చిన్న కన్నం చేసుకుని బయటికి వస్తుంది. అంతా చెప్పి, చీల్చిన ముక్కని మళ్ళీ దగ్గరగా నొక్కి, నారతో కట్టాడు.

అప్పుడడిగాను నేను. అడగాలని ముందు అనుకున్నది కాదు. నిజాలు చెబుతున్న మనిషిని ఇంకొకటి అడిగాను, అంతే.

"మావయ్యా, ఎండలు ముదిరితే నీకు తగ్గిపోతుందా?"

మావయ్య నా వంకే చూసి, "తగ్గదమ్మా" అన్నాడు.

నా వెనకాల బిందె దించిన చప్పుడైంది. అమ్మ నిలబడి ఉంది. "పసిదానితో అనే మాటలేనట్రా అవి?" అంది.

"అది అడిగిందక్కా. తగ్గుతుందని చెప్పానే అనుకో, తగ్గకపోయాక నేను చెప్పిందేదీ నమ్మదు. ఈ పురుగు కుట్టదని చెప్పింది కూడా నమ్మదు."

అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్ళి గడియ వేసి, ఆ గడియ మీదే తల ఆనించి ఏడ్చింది. ఏడుపు చూసి నాకు అర్థమైంది. అమ్మకి మొదటినుంచీ తెలుసు.

మర్నాటి నించి అమ్మలో ఒక మార్పు వచ్చింది. లేహ్యాలు ఆగిపోలేదు గానీ, తగ్గుతుందనే మాట ఇంట్లో వినపడలేదు. అన్నం పెట్టి వెంటనే వచ్చేసేది కాదు. రాయికి ఇవతల పీట వేసుకుని కూర్చునేది. అక్కాతమ్ముళ్ళు చిన్ననాటి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒకసారి హంసలదీవి తీర్థానికి వెళ్ళి ఇసుకలో తప్పిపోయిన సంగతి చెప్పుకుని ఇద్దరూ నవ్వుతుంటే నేను కిటికీలోంచి చూశాను. ఆ నవ్వు వల్ల మావయ్య ఆయుష్షు ఒక్క పూట కూడా పెరగలేదు. రోజురోజుకీ గుమ్మం దాకా రావడమూ కష్టమైంది. తర్వాత గుమ్మం దాకా రాలేదు.

ఎండలు బాగా ముదిరిన రోజుల్లోనే పోయాడు.

శ్మశానం నుంచి వచ్చాక నాన్నగారు పాకకి నిప్పు పెట్టించారు. అప్పట్లో ఆ జబ్బుతో పోయిన వాళ్ళ పాక ఉంచేవాళ్ళు కారు. మంచమూ, చాపా, పుస్తకాలూ, అన్నీ అందులోనే. మునగచెట్టు కొమ్మలు ఒక పక్క మాడిపోయాయి. వాసాలు కణుపు కణుపుకీ టపటపా పేలుతుంటే అందరూ దూరంగా నిలబడి చూశారు. ఆ వెదుర్లలో ఇంకా బయటికి రానివి ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. అన్నా ఏం చేస్తారు?

చాలా ఏళ్ళ తర్వాత నా భర్త మంచాన పడ్డారు. డాక్టర్లు చెప్పిందేమిటో పిల్లలు నాకు చెప్పి, ఆయనకి మాత్రం తెలియనివ్వొద్దన్నారు. ఆయన అడగనంతకాలం నేనూ ఊరుకున్నాను. ఒక సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు, "నువ్వైనా చెప్పు, లేస్తానా నేను?" అని అడిగారు. లేవరండీ అని చెప్పాను. ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. తెల్లవారాక, ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని తమ్ముడికి కబురు పెట్టమన్నారు. ఆ తమ్ముడు గుడివాడ నుంచి వచ్చేసరికి ఈయనకి మాట పడిపోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోవడమే మిగిలింది.

నేను చెప్పడం మంచిదైందో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. నిజం చెప్పినంత మాత్రాన ఎవరూ బతకలేదు, మావయ్యా బతకలేదు, ఈయనా బతకలేదు. కానీ అడగని వాళ్ళకి నేను చెప్పను. అడిగిన వాళ్ళతో అబద్ధం ఆడను. అది మావయ్య దగ్గర నేర్చుకున్నాను. చెప్పేశాక అక్కడినుంచి లేచి వెళ్ళిపోకూడదన్నది మాత్రం అమ్మని చూసి నేర్చుకున్నాను.