మీటరు మీద బొట్టుబిళ్ల

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, ఆదోనిలో మా ఉస్తాద్ కన్నుమూశారని ఫోను వచ్చింది. ఇరవై ఏళ్ల నా పాత పెట్రోల్ కారును చూసుకునే మెకానిక్ ఆయన. దానికోసం ఆయన ఎంచిన కామ్‌షాఫ్ట్, అంటే ఇంజన్ వాల్వులను తెరిచే కడ్డీ, ఇంకా షెడ్డులో నూనెగుడ్డలోనే ఉంది. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. బిగించకుండా ఎట్లా పోతారు?

నేను రోజూ ఎమ్మిగనూరుకు బడికి పోయే టీచర్ని. పత్తి లారీని దాటాలంటే కారు ఈడ్చుకుంటూ పోయేది. ఇంట్లో ‘అమ్మేయ్’ అని ఒకటే పోరు. పంతం కొద్దీ ఉస్తాద్‌ను అడక్కుండా, రేసు బండ్లకు వేసే పెద్ద కామ్‌షాఫ్ట్ బెంగళూరులో వేయించుకొచ్చాను. అబ్బో, ఏం మోత! మార్కెట్ యార్డు ముందు ఆపితే చాలు, ఇంజన్ వణికి ఆగిపోయేది.

ఉస్తాద్ తిట్టలేదు. టీ సాసర్లో పోసుకుని, అది చల్లారేదాకా ఇంజన్ మోత విన్నారు.

“యాడికి పోతాండావు బిడ్డా, రేసుకా, బడికా? దీని కంప్యూటర్ పాతది. ఇంత పెద్ద కామ్ వేస్తే గాలి లెక్క దానికి అందదు, పెట్రోల్ తప్పు పోస్తాది.”

“మరి ఏది వేయాలి ఉస్తాద్?”

“నేనెవర్ని సెప్పేకి? నీ దారే సెప్తాది. పాతది బిగిస్తా. నెల నడిపి, ఇంజన్ మీటర్ ముల్లు యాడ ఎక్కువ నిలుస్తాదో గుర్తు పెట్టుకురా.”

నేను మీటరు అద్దం మీద, నిమిషానికి మూడు వేల చుట్లకు కాస్త కింద, బొట్టుబిళ్ల అతికించుకొచ్చాను. చూసి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆ బిళ్ల దగ్గరే ఇంజన్‌కు బలం వచ్చేలా చిన్న కామ్ ఎంచారు.

ఉస్తాద్ పోయిన పదిరోజులకు షెడ్డుకు పోయాను. ఆయన తమ్ముడు ఆ కామ్‌ను బిగించి, “సెల్ఫ్ కొట్టేద్దామక్కా” అన్నాడు.

“ఆగన్నా” అన్నాను. ‘సేతికి తెలీకుండా కీ తిప్పొద్దు’ అనేది ఉస్తాద్ మాట. స్పానర్ వేసి ఇంజన్‌ను చేత్తో తిప్పాను. సగంలో గట్టిగా తగిలి ఆగింది. చూస్తే కామ్‌ను తిప్పే బెల్టు పళ్లు తప్పి ఉంది. కీ తిప్పి ఉంటే వాల్వులు వంగిపోయేవి. విప్పి, సరిచేసి, మళ్లీ తిప్పాను. రెండు చుట్లు మెత్తగా తిరిగింది. అప్పుడు ఏడ్చాను, స్పానర్ వదలకుండానే.

ఈ కారును నేను అమ్మను. నిన్న ఎమ్మిగనూరు రోడ్డులో పత్తి లారీ వెనక గేరు దించి తొక్కాను. కారు గుంజుకుని ముందుకు పోయింది. ముల్లు లేచి, బొట్టుబిళ్ల కిందికి చేరి, అక్కడే నిలబడింది.