ఆయిల్ ఎక్కువైన బండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సేవలు చేయించుకున్నది మా నాన్న మోటారు సైకిలే. మాది జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. అప్పుడప్పుడే ఊళ్లోకి సెల్‌ఫోన్లు వస్తున్నాయి గానీ మా బండి మాత్రం పాతకాలపు టూ-స్ట్రోక్‌ది. దానికి పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. బంకు దూరం కాబట్టి కిరాణా కొట్టు నుంచి సీసాల్లో పెట్రోలు తెచ్చుకుని ఇంట్లోనే కలుపుకునేవాళ్లం. లీటరుకు రెండు మూతల ఆయిల్. ఆ కొలత నాకు పక్కింటి అక్క నేర్పింది. వాళ్ల నాన్న మెకానిక్కు. ఆయనకు పక్షవాతం వచ్చాక ఇంటి ముందు రేకుల షెడ్డులో బళ్లు బాగు చేసే పని అక్కే చూసుకునేది. మా ఇంట్లో ఆయిల్ కలిపే పని నాది. పదేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద ఉద్యోగం ఏముంటుంది?

మా నాన్న కోపం ఊరందరికీ తెలుసు. చేయి లేచిందంటే దించడం ఆయనకు చేతకాదు. నాకూ కొంచెం ఆ బుద్ధే వచ్చింది.

ఆ రోజుల్లో గట్టు విషయంలో పైచేను వాళ్లతో మాకు పెద్ద తగాదా నడుస్తోంది. ఒకరోజు పొద్దున సర్వే కోసం నాన్న మండల ఆఫీసులో హాజరు కావాలి. బయలుదేరే ముందు, పైచేను వాళ్ల దగ్గర జీతం ఉండే మనిషి ఒకడు మా వాకిట్లోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు. లోపలి అడవి ఊరివాడు, తెలుగు అంతంత మాత్రం. నేను లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చేదాకా బండి పక్కనే నిలబడి ఉన్నాడు.

మధ్యాహ్నానికి నాన్న బండిని నెట్టుకుంటూ తిరిగొచ్చాడు. దారిలో పొగలు కక్కి ఆగిపోయిందట. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదట. నాన్న లేకుండానే సర్వే అయిపోయింది. పొద్దున ఎవరొచ్చారని అడిగితే, అమ్మ ఆ మనిషి సంగతి చెప్పింది.

నాన్న మరో మాట అడగలేదు. ముల్లుగర్ర తీసుకుని పైచేను వాళ్ల కొట్టం దగ్గరికి పోయి, ఆ మనిషిని మెడ పట్టుకుని మా వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. ట్యాంకులో కిరసనాయిలు పోశావు కదరా అంటూ మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకే ఆ మనిషి మోకాళ్ల మీద పడ్డాడు. తల కాపాడుకోవడానికి చేతులు అడ్డం పెడితే చేతుల మీద కొట్టాడు. చెవి తెగి రక్తం భుజం మీదికి కారుతోంది. ఆయన తన భాషలో ఏదో మొత్తుకుంటున్నాడు. అది మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. చుట్టూ జనం చేరారు గానీ ఎవరూ అడుగు ముందుకు వేయలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా ఒక రాయి తీసి విసిరాను. అది ఆయన వీపుకు తగిలింది. తగిలినందుకు సంబరపడ్డాను.

అప్పుడు పక్కింటి అక్క గోడ దూకి వచ్చింది. చేతిలో ప్లగ్ పానా ఉంది.

"బాబాయ్, గాయన్ని అడుగుడు అయినంక, బండిని గూడ ఒకసారి అడుగుదాం. జర ఆగు" అంది.

నాన్న ఆయాసంతో ఆగాడు. అక్క ప్లగ్గు విప్పి చూసింది. కొన నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంది. వేలితో రాసి వాసన చూసి, నాన్న ముక్కు దగ్గర పెట్టింది. ట్యాంకు పైపు ఊడదీసి, నాలుగు చుక్కలు తన తెల్ల చున్నీ కొస మీద పట్టింది. పెట్రోలు ఎగిరిపోయింది. మిగిలింది కిరసనాయిలు వాసన కాదు, ఆయిల్ జిడ్డు మరక. ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా నిప్పురవ్వ వచ్చింది.

"కరెంటు మంచిగనే ఉంది. ఆయిల్ ఎక్కువైంది, గంతే" అంది.

ముందురోజు ఎత్తు గడ్డ ఎక్కుతూ బండి ఆయాసపడుతోందని జాలేసి, బలం వస్తుందని, కొలత మాని సగం సీసా ఆయిల్ పోసింది నేను.

నాన్న ఒక్క క్షణం తికమకపడ్డాడు. తరువాత మళ్లీ గర్ర ఎత్తాడు. "అయితే ఆయిలే పోసిండు వీడు!"

మళ్లీ దెబ్బలు. ఈసారి వేళ్ల ఎముకలు చిట్లిన చప్పుడు నాకు వినిపించింది. అక్క అడ్డం పోతే ఆమెను పక్కకు తోశాడు. ఆమె కింద పడి లేచి, నాన్న వైపు కాకుండా నా వైపు వచ్చింది. ఆ నల్లటి ప్లగ్గును నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు ముడిచింది. నా పేరు బయట పెట్టలేదు. నా కళ్లలోకి చూస్తూ నిలబడింది, అంతే.

"నేనే నాయినా! నేనే పోసిన!" అని అరిచాను.

గర్ర నా వైపు తిరిగింది. రెండు దెబ్బలు పడ్డాక అక్క దాన్ని లాక్కుని మోకాలికేసి విరిచింది. నాన్న అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. ఆ మనిషి మెల్లగా లేచాడు. వంకరపోయిన రెండు వేళ్లను తువ్వాలుతో చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అడవి దారి పట్టాడు. మళ్లీ మా ఊరికి రాలేదు. మరునాడు అక్క నన్ను వెంటబెట్టుకుని ఆయన ఊరికి తీసుకెళ్లింది. మమ్మల్ని చూసి ఆయన భార్య తలుపు వేసేసింది. ఆ తలుపు ముందు ఎండలో చాలాసేపు నిలబడి తిరిగొచ్చాం.

ఇప్పుడు నాకు పెళ్లీడుకు దగ్గరపడుతున్న కూతురుంది. అప్పుడు చిన్నపిల్లవు కదమ్మా, నీకేం తెలుసు అంటుంది. రాయి విసిరినప్పుడు నాకు నిజంగానే ఏమీ తెలియదు. అక్క చున్నీ మీద మరక చూశాక మాత్రం తెలుసు. తెలిసిన తరువాత నా నోరు పెగిలేలోపు ఆయన మీద అయిదు దెబ్బలు పడ్డాయి. అంతకుముందువి నాన్నవి. ఆ అయిదూ నావి.