వేలెడంత దించిన అద్దం

కిందటి వేసవిలో డల్లాస్ బస్ స్టేషన్‌లో నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, నలభయ్యేళ్ల మనిషొకడు పక్కన కూర్చున్నాడు. గ్యాస్ స్టేషన్, అదే పెట్రోలు బంకు, నడుపుతాడట. దొంగలు పడ్డాక తుపాకీ కొనుక్కున్నాడట.

"పోయిన నెల గుడికెళ్లానమ్మా. లోపలికి గన్ తీసుకెళ్లకూడదు కదా, కార్లో సీటు కింద పెట్టాను. ఎండకి బుల్లెట్లు పాడవుతాయని అద్దం వేలెడంత దించాను. దర్శనం చేసుకుని వచ్చేసరికి ఎవడో ఎత్తుకుపోయాడు."

"ఎంత తెలివి నాయనా! గాలి కోసం దొంగకి దారిస్తారా? తాళం వేసే ఇనప్పెట్టె ఒకటి కొనుక్కోవద్దూ?" అని కసిరాను.

"మర్నాడే కొన్నానమ్మా. కార్లో బోల్టులతో బిగించాను. ఖాళీగా ఉంది."

పోలీసులకు చెప్పాడట, ఇంకా దొరకలేదట. ఇంతలో అతని ఫోన్‌లో ఏదో వార్త వచ్చింది. చదివి, మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"మా పక్క వీధిలో ఎవర్నో షూట్ చేశారట. ఏ గన్నో రాయలేదు," అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "నాది కాదంటారా అమ్మా?"

తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం నాకు అలవాటు లేదు. "కాదులే" అన్న ఒక్క మాట కోసం అతను ఎదురు చూస్తుండగానే నా బస్సు వచ్చింది. ఎక్కేశాను.