కూనన్ల మొదటి గ్లాసు

అట్రాక్టా కూనన్ ఇంటిపేరు మీద ఒకప్పుడు విస్కీ అమ్ముడుపోయేది. ఆవిడ మాత్రం డెబ్భై ఏళ్లు దాటినా మందు గ్లాసు పట్టింది లేదు. జన్మలో మద్యం ముట్టనని పదహారో ఏట చర్చిలో మాటిచ్చి కోటుకు పెట్టుకున్న యేసు తిరుహృదయం బిళ్ల ఇంకా అక్కడే ఉంది. ఐర్లండ్‌లోని బాలికారన్ ఊళ్లో ఆవిడది టాక్సీ. శనివారం పబ్బుల్లోంచి తూలుతూ వచ్చేవాళ్లను ఇళ్లకు చేర్చేది ఆవిడే. ఆ పనికి పోటీ లేదు.

కూనన్ డిస్టిలరీ ఆవిడ తాత కాలంలోనే మూతపడింది. ఇన్నాళ్లకు డబ్లిన్ వాళ్లు ఆ పేరు కొని, పాత గోడల మధ్యే కొత్త రాగి బానలు పెట్టారు. పీపాల్లో నాలుగేళ్లు ఊరిన సరుకు ఈ మే నెలకు సిద్ధమైంది. దాంతో పాత ఆనవాయితీ కూడా బయటికొచ్చింది. గేటు దగ్గర నిలబడి కూనన్ ఇంటి మనిషి మొదటి గ్లాసు తాగాలి. ఆ తర్వాతే సరుకు గేటు దాటాలి. ఊళ్లో మిగిలిన కూనన్ అట్రాక్టా ఒక్కతే.

"ఒక్క గుక్క చాలండీ, ఫొటో కోసం," అని బతిమాలాడు మేనేజరు ఫియక్రా.

"ఫొటోకైతే టీ పొయ్యి. రంగు అదేగా."

"మోసం చెయ్యలేమండీ. మీరు కాదంటే బోస్టన్ నుంచి మీ పినతండ్రి కొడుకు గెరార్డ్ గారు వస్తానన్నారు."

"వాడా? మన ఏరు ఎటు పారుతుందో కూడా తెలీదు వాడికి!"

ఆ గేటు దగ్గర చోటు గెరార్డ్‌కు వదలడం ఆవిడ వల్ల కాదు. బిళ్ల తీసేయడమూ కాదు. ఊరంతా సలహాలకు దిగింది.

"క్రిస్మస్‌కి మా ఆవిడ చేసిన ట్రైఫిల్ పుడ్డింగు రెండు గిన్నెలు లాగించావు. అందులో షెర్రీ వైను లేదా ఏంటి?" అన్నాడు పబ్బు నడిపే మలకీ.

"అది తిండి, మలకీ. లెక్కలోకి రాదు."

"అయితే విస్కీ కూడా స్పూనుతో తిను!"

ఫాదర్ లోర్కన్ మెత్తగా చెప్పి చూశాడు. "ఒక్క నిమిషం బిళ్ల తీసి జేబులో వేసుకోమ్మా. దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడులే."

"మరి మీరు ఒక్క నిమిషం ఆ తెల్ల కాలరు తీసి జేబులో వేసుకుంటారా, ఫాదర్?"



శనివారం సాయంత్రం గేటు దగ్గర ఊరంతా చేరింది. అట్రాక్టా బిళ్ల పెట్టుకునే వచ్చింది. ఫియక్రా అందించిన గ్లాసు తీసుకుని, పక్కనే ఉన్న డిన్నీ ఫలూన్ చేతిలో పెట్టింది. డిన్నీ ఆవిడ టాక్సీకి ప్రతి శనివారం బేరం. ఆదివారం పూజకు రాత్రి తాగిన తలనొప్పితో తల పట్టుకుని వచ్చి, నోరు విప్పకుండా కూర్చునే మనిషి.

"మా తాత తాగింది దాహమేసి కాదు," అంది జనంతో. "సరుకు మంచిదని మీకు నమ్మకం కలగాలని. ఆ పూచీ ఇవాళ నాది. మీరంతా తాగండి. ఇళ్లకు నేను దింపుతాను. రేపు పూజలో మీ మొహాలు చూసి చెబుతా. అప్పటిదాకా సీసా గేటు దాటదు."

ఫియక్రా నోరు తెరిచేలోపే జనం ఈలలు వేశారు. మలకీ అయితే ఊరి మేలు కోసమంటూ మూడు గ్లాసులు తాగాడు. అట్రాక్టా కారుకు ఆ రాత్రి తీరిక లేదు.

ఆదివారం చర్చిలో ఫియక్రా వెనక బల్ల మీద గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. అట్రాక్టా ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి, ఒక్కొక్క మొహమే చూసింది. మలకీ నిటారుగా కూర్చున్నాడు. కీర్తన మొదలవగానే డిన్నీ లేచి నిలబడి, కిటికీ అద్దాలు అదిరేలా అందుకున్నాడు. అతను పాడగా ఊళ్లో ఎవరూ విని ఎరగరు.

పూజ ముగియగానే ఫియక్రా మెట్ల దగ్గర ఆవిడకు ఎదురెళ్లాడు. "మరి, కూనన్ల మాటేంటండీ?"

"గేటు తెరవవయ్యా," అంది అట్రాక్టా. "బాగాలేనిది డిన్నీ గొంతొక్కటే. దానికి మీ సరుకేం చేస్తుంది!"