ఐదో ఎర్ర గీత

మా నాన్న తిరుమలగిరిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసేవాడు. ఇంగ్లీషులో నేను ఎలా మాట్లాడినా ఊరుకునేవాడు గానీ, కాగితం మీద 'గెట్' కనిపిస్తే చాలు, ఎర్ర పెన్సిలు తీసేవాడు. 'పుట్ ఆఫ్' అని రాస్తే కొట్టేసి 'పోస్ట్‌పోన్' అని రాయించేవాడు. నోట్లో నలిగే మాటకి కాగితం మీద చోటు లేదనేది ఆయన పట్టుదల. ఆయన పోయినా ఆ పట్టుదల నాకు అంటుకుపోయింది. బేగంపేటలో నాకు జీతం ఇచ్చేది కూడా దానికే.

విదేశీ బ్యాంకుల ఖాతాదారులు పంపే ఫిర్యాదులకు మా ఆఫీసు జవాబులు రాస్తుంది. కొత్తగా చేరినవాళ్లు రాసిన ప్రతి ఉత్తరం ముందు నా దగ్గరికి వచ్చేది. వాడుక మాట దొర్లితే దాని కింద ఎర్ర గీత పెట్టి వెనక్కి పంపేదాన్ని, వాళ్లు దిద్దుకుని ఖాతాదారుకు పంపాలి. శిక్షణ చివరి వారంలో ఐదు ఉత్తరాలకు గీత పడితే ఉద్యోగం ఖాయమయ్యేది కాదు. అందరూ నన్ను చూసి హడలిపోయేవారు. అబద్ధమెందుకు, అది నాకు బాగానే ఉండేది.

ఆ చివరి వారంలో ఉన్న ఒక అమ్మాయిది రాంగోపాల్‌పేట్. తండ్రి మంచాన పడి బట్టల కొట్టు మూతపడింది. ఇంటికి ఆమె జీతమే ఆధారం. ఈ సంగతి నాకు తెలుసు. చిన్నప్పటినుంచి కొట్టులో బేరాలు ఆడిన పిల్ల కదా, ఇంగ్లీషు కూడా ఎదురుగా మనిషి కూర్చున్నట్టే రాసేది. శుక్రవారం మధ్యాహ్నానికే నాలుగు ఉత్తరాలకు గీతలు పడ్డాయి.

నాలుగు గంటలకు ఇంకో ఉత్తరం వచ్చింది. భర్త పోయిన ఒక పెద్దావిడకు జవాబు. ఒకే కాగితాన్ని మూడుసార్లు అడిగారని, ఇక తన వల్ల కాదని ఆవిడ రాసింది. ఈ అమ్మాయి జవాబులో 'హ్యాంగ్ ఆన్' ఉంది, 'సార్ట్ అవుట్' ఉంది. గీత పెట్టకుండా ఆమెను పిలిచి, ఆ రెండు మాటలూ మార్చేస్తే చూడనట్టే ఊరుకుంటానన్నాను. అంతకంటే దిగడం నాకు చేతకాదు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"మేడం, మొగుడు పోయి ఆమె పరేషాన్ల ఉన్నది. గిప్పుడు సుత నోటీసు లెక్క రాస్తే ఎట్ల?"

నిబంధన నేను పెట్టింది కాదన్నాను. ఇంటి సంగతి ఆలోచించుకొమ్మన్నాను. ఆమె తన సీటుకు వెళ్లి చాలాసేపు తెర వైపు చూస్తూ ఉండిపోయింది. నేనూ పని మానేసి ఆమెనే చూస్తున్నాను. మార్చు తల్లీ, మార్చు అని లోపల గింజుకుంటున్నాను. చివరికి ఆమె నా వైపు తిరిగింది.

"గిట్లనే పంపిన మేడం. గీత పెట్టుండ్రి."

అప్పుడైనా వదిలేయొచ్చు. అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఒళ్లు మండిపోయి పెట్టేశాను. ఇంగ్లీషు కోసం కాదు, నా మాట వినలేదని. సోమవారం ఆమె సీటు ఖాళీగా ఉంది.

కొన్ని వారాలకు ఆ పెద్దావిడ నుంచి మా పైవాళ్లకు ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్లకు ఒక మనిషి తనతో మాట్లాడిందని, ఆమెకు కృతజ్ఞతలు చెప్పమని. పైవాళ్లు తర్జనభర్జన పడి నిబంధనలు మార్చారు. మాట్లాడినట్టు రాయొచ్చన్నారు, ఎర్ర గీతలు ఎత్తేశారు. కొత్తవాళ్లకు మంచి ఉత్తరం ఎలా ఉండాలో చూపించే మొదటి నమూనా ఆ అమ్మాయి రాసిందే. పేరు మాత్రం తీసేశారు. నేర్పే బాధ్యత నాకే అప్పగించారు. ఆమె నంబరుకు ఫోన్ చేశాను, అది పనిచేయడం లేదు.

మొదటి రోజు ఆ ఉత్తరం చదివి వినిపించాను. ముందు వరసలోని ఒక అమ్మాయి, ఇది రాసినామె ఏ సెక్షన్లో ఉంటుందని అడిగింది.

"ఇక్కడ లేదు," అన్నాను. "ఐదో గీత నేనే పెట్టాను."

గీత అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. అందరూ పెన్నులు పట్టుకుని, రాసుకోవడానికి నా వైపే చూస్తున్నారు.